వైద్యవిద్య ఎవరి కోసం? – పంజగుట్ట చరిత్ర చెప్పే పాఠం

ఏ వైద్య విద్యాసంస్థ వివరణ పత్రిక తెరిచినా మొదటి పుటలో కొన్ని మాటలు కనిపిస్తాయి: సేవ, కరుణ, నిజాయితీ, పరిశోధన, శ్రేష్ఠత. ఇవి మంచి మాటలే. వీటితో ఎవరికీ పేచీ లేదు. పేచీ లేకపోవటంలోనే అసలు చిక్కు ఉంది. లాభాల కోసం ఆసుపత్రి నడిపే యజమానీ, బస్తీలో ఉచితంగా వైద్యం చేసే డాక్టరూ ఒకే మాటను వాడుకోగలుగుతున్నారంటే ఆ మాటకు అర్థం నిఘంటువులో దొరకదు, చరిత్రలో వెతకవలసి ఉంటుంది. సాహిత్యం బోధించుకునే మాబోటివారికి ఇది కొత్త సంగతి కాదు. కావ్యాలలో ప్రజారంజకుడనిపించుకున్న ప్రతి రాజూ ప్రజలను నిజంగా రంజింపజేశాడని మనం నమ్మం. ఆ రాజు కాలంలో పన్ను ఎంత, చెరువు నీళ్లు ఎవరి పొలానికి పారాయి అని అడుగుతాం. ఆ ప్రశ్ననే వైద్య విద్యాలయాన్ని కూడా అడగవచ్చు. అడగటం అవసరం కూడాను.

ఇందుకు హైదరాబాదులోని పంజగుట్ట మనకు చక్కని నిదర్శనం. నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్, ప్రజల నోట నిమ్స్, అక్కడ ఉంది. అది ఆసుపత్రి మాత్రమే కాదు. శాసనసభ చేసిన చట్టం ద్వారా విశ్వవిద్యాలయ హోదా పొందిన విద్యాసంస్థ. నిపుణ వైద్యులతోపాటు నర్సులూ, ఫిజియోథెరపిస్టులూ అక్కడ శిక్షణ పొందుతారు. ఆరోగ్యానికి సంబంధించిన పలు వృత్తులు ఒకే ప్రాంగణంలో నేర్చుకునే చోటు కనుక, ఆ వృత్తుల విలువలూ ఆశయాలూ ఎట్లా రూపొందాయో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

అమీర్‌పేట కూడలి నుంచి పంజగుట్ట చౌరస్తాకు నడిచివెళ్తే అరగంట పట్టదు. 2018లో మెట్రో వచ్చిన తరువాత అది నిమిషాల ప్రయాణమైంది. ఆ కొద్ది దూరంలో మన పల్లెల ఆశలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సుల బోర్డులు మేడల నిండా వేలాడుతుంటాయి. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఇరుకు హాస్టళ్లలో ఉండి ఉద్యోగం కోసం చదువుతుంటారు. పంజగుట్టలో అవే జిల్లాల నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఎక్స్‌రే కవర్లు చంకన పెట్టుకుని వరుసలో నిలబడి ఉంటారు. నా విద్యార్థులలో ఈ రెండు చోట్లా తిరిగినవాళ్లు కొందరున్నారు. ఒకే కుటుంబం కొడుకును అమీర్‌పేటకూ, తండ్రిని పంజగుట్టకూ పంపుతున్నది. చదువుకూ వైద్యానికీ పల్లె అప్పు చేస్తున్నది.

ఈ ప్రాంతపు పాత చరిత్ర కూడా మన ప్రశ్నకు దూరమైనది కాదు. నిమ్స్‌కు సమీపంలోనే ఎర్రమంజిల్ ఉంది. నిజాం కొలువులోని నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించుకున్న భవనమది. దాని అసలు పేరు ఇరం మంజిల్. ఇరం అంటే పారశీక కవిత్వంలో స్వర్గతుల్యమైన ఉద్యానం. ఆ స్వర్గంలోకి ప్రవేశం లేని తెలుగువాళ్ల నోట అది ‘ఎర్ర’ మంజిల్ అయి స్థిరపడింది. అమీర్‌పేటకు మరొకవైపున ఉన్న బేగంపేటకు వైద్యచరిత్రలోనే స్థానం ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించింది అక్కడే. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పరిశోధన కోసం దోమలచేత కుట్టించుకున్న రోగి పేరు హుస్సేన్ ఖాన్. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. రాస్ పేరు సంస్థకూ, వీధికీ నిలిచింది. హుస్సేన్ ఖాన్ పేరు వైద్యచరిత్ర పుస్తకాల అడుగున మిగిలింది. విజ్ఞానశాస్త్రంలో రోగి భాగస్వామా, ముడిసరుకా అన్న ప్రశ్న ఆనాడే ఈ నేలమీద పుట్టింది. మరొక సంగతి కూడా గమనించాలి. మలేరియాకు మందు ఎంత ముఖ్యమో, దోమ పుట్టే నిలవనీటిని తీసివేయటం అంత ముఖ్యమని ఆ ఆవిష్కరణే చెప్పింది. జబ్బు శరీరంలో కనిపిస్తుంది, దాని పుట్టుక తరచు శరీరం వెలుపల ఉంటుంది. ఈ మాటను పంజగుట్ట దాకా మనతో తీసుకువెళ్లాలి.

హైదరాబాదు సంస్థానంలో ఆధునిక వైద్యవిద్య 1846లో మొదలైంది. రెసిడెన్సీ సర్జను మక్లీన్ ఆధ్వర్యంలో ఏర్పడిన ఆ వైద్య పాఠశాలలో బోధన ఉర్దూలో సాగింది. తరువాతి దశాబ్దాలలో ఎడ్వర్డ్ లారీ నాయకత్వాన క్లోరోఫాం మీద 1888లోనూ, 1889లోనూ రెండు కమిషన్లు ఇక్కడే జరిగాయి. మత్తుమందు ఇవ్వటంలో ప్రపంచంలోనే తొలి మహిళలలో ఒకరుగా పేరు తెచ్చుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ పాఠశాల విద్యార్థినే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ఏర్పడింది. అనువాద సంస్థ పనిచేసింది, పారిభాషిక పదాలు పుట్టాయి, వైద్యశాస్త్రం సైతం ఆ భాషలో బోధించారు.

ఈ ప్రయోగాన్ని మనం రెండు కళ్లతో చూడాలి. దేశభాషలో ఆధునిక వైద్యం చెప్పటం సాధ్యం కాదన్న వాదాన్ని అది ఆచరణలో ఓడించింది. అది నిస్సందేహంగా ప్రగతిశీలమైన పని. ఐతే ఆ భాష దర్బారు భాష. సంస్థానంలో అత్యధిక సంఖ్యాకులు తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే రైతులూ కూలీలూను. 1948 తరువాత ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది. పాలకులు మారారు, బోధనాభాష మారింది. నల్లగొండ రైతు మాత్రం రెండు కాలాలలోనూ డాక్టరు గది గడప దగ్గర తన భాషను వదిలి లోపలికి పోవలసినవాడుగానే మిగిలాడు.

ఆ కాలపు వైద్య కళాశాల ప్రభుభక్తులనే తయారుచేసిందని అనుకోవటం పొరపాటు. రాజ్ బహదూర్ గౌర్ ఉస్మానియాలో వైద్యం చదివినవాడే. కామ్రేడ్స్ అసోసియేషన్ స్థాపకులలో ఒకడై, కార్మికోద్యమ నాయకుడై, 1952లో రాజ్యసభకు వెళ్లాడు. వైద్యం చదివిన యువకుడు కార్మికవాడలోకి నడిచాడంటే దానికి కారణం పాఠ్యప్రణాళిక కాదు, కళాశాల గోడల బయట లేచిన ప్రజోద్యమం. విద్యాసంస్థ విలువలు ఆ సంస్థలోపలే పుడతాయనే భ్రమను ఇటువంటి జీవితాలు పోగొడతాయి.

అదే కాలంలో దేశమంతటికీ వైద్యవిద్య ఎట్లా ఉండాలో ఆలోచించిన సంఘం ఒకటుంది. 1943లో జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడి 1946లో నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక లెక్కలలో దేశంలో సుమారు 6,300 మందికి ఒక డాక్టరు, సుమారు 43,000 మందికి ఒక నర్సు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. డాక్టర్ల కొరత ఎంతటిదో అందరూ చెప్పుకున్నారు. నర్సుల కొరత అంతకు ఏడురెట్లని చెప్పుకున్నవారు తక్కువ. డబ్బు చెల్లించలేనందువల్ల ఎవరికీ వైద్యం అందకుండా పోరాదనీ, ఊళ్లకు దగ్గరగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలుండాలనీ, వైద్యుడు సామాజిక దృష్టి కలవాడై ఉండాలనీ భోర్ సంఘం కోరింది. స్వతంత్ర భారత వైద్యవిద్యకు ఆశయ ప్రకటన ఏదైనా ఉన్నదంటే అది ఇదే. ఆ తరువాత కట్టిన ప్రతి భవనాన్నీ ఈ గీటురాయి మీద గీసి చూడవచ్చు.

1954లో హైదరాబాదులో గాంధీ వైద్య కళాశాల ఏర్పడింది. 1960ల తొలి సంవత్సరాలలో నిజాం ధర్మనిధి పంజగుట్టలో నిజామ్స్ ఆర్థోపెడిక్ ఆసుపత్రిని నెలకొల్పింది. నేటి నిమ్స్‌కు మూలం అదే. ధర్మనిధిలోని ధనం ఎక్కడిదని మనబోటివారు అడగక మానరు. అది చివరకు రైతు చెమటే, జాగీరు గ్రామాల శిస్తే. కనుక అది దాత ఇచ్చిన దానమని ఒక లెక్క, ప్రజల సొమ్ములో కొంత ప్రజలకు తిరిగివచ్చిందని మరొక లెక్క. రెండవ లెక్కనే మనం గుర్తుపెట్టుకుంటే, ఆ ఆసుపత్రి మెట్లెక్కే పేదవాడు అక్కడికి బిచ్చానికి రాలేదనీ, బాకీ వసూలుకు వచ్చాడనీ అర్థమవుతుంది.

ఎముకల ఆసుపత్రిగా మొదలు కావటం యాదృచ్ఛికమే కావచ్చు. కాని తెలుగుదేశపు చరిత్రలో ఎముక కంటె నిజాయితీగల సాక్షి మరొకటి లేదు. ఆ దశాబ్దాలలో పోలియో పల్లెపల్లెనా పిల్లల కాళ్లను తీసుకుపోయింది. ఇండియాలో చివరి పోలియో కేసు నమోదైంది 2011 జనవరిలో. 2014 మార్చిలో దేశం ఆ వ్యాధి నుంచి విముక్తమైనట్టు ధ్రువపత్రం వచ్చింది. అప్పటిదాకా ఆపరేషనూ, కాలిపరూ, వ్యాయామ చికిత్సా తప్ప ఆ పిల్లలకు దారి లేదు. తాటిచెట్టు మీద మోకు జారి పడిన గీతకార్మికుడు నడుం విరిగి వస్తాడు. సారవ కట్టెలమీద నుంచి పడిన మేస్త్రీ వస్తాడు. ఎవరి ఎముకలు ఎక్కువగా విరుగుతాయో చూస్తే సమాజంలో ఎవరు ఏ ఎత్తున నిలబడి ఎవరి కోసం పనిచేస్తున్నారో తెలిసిపోతుంది.

ఇక ఫ్లోరోసిస్ సంగతి. 1937లో షార్ట్ అనే పరిశోధకుడూ, ఆయన సహచరులూ నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని వర్ణించారు. 1955లో నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ వ్యాసం బ్రిటిష్ వైద్యపత్రికలో వచ్చింది. తాగే నీటిలో ఫ్లోరైడు మితిమీరితే పళ్లు గారపడతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగిపోతుంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో మరొక రూపాన్ని వివరించారు. నల్లగొండ ప్రాంతపు పడుచువాళ్లలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. జొన్న ప్రధానాహారం కావటం, నాగార్జునసాగర్ కట్టిన తరువాత భూగర్భజలాలలో వచ్చిన మార్పులు – వీటితో దానికున్న సంబంధాన్ని ఆ పరిశోధకులు చర్చకు తెచ్చారు. నాగపూరులోని పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించింది. ‘నల్లగొండ పద్ధతి’ అన్న పేరుతో అది ప్రపంచంలో చాలాచోట్లకు వెళ్లింది. నల్లగొండ పేరు లోకమంతా తిరిగింది. నల్లగొండకు ఇంటింటికీ శుద్ధజలం కోసం మాత్రం ఉద్యమాలు అవసరమయ్యాయి. తెలంగాణ ప్రభుత్వం మిషన్ భగీరథ మొదలుపెట్టింది 2016లో. సిద్దిఖీ వ్యాసానికీ దీనికీ మధ్య గడిచింది అరవై ఒక్క సంవత్సరం. రెండు తరాల వెన్నెముకలు.

ఇక్కడే వైద్యవిద్య ఆశయానికి సంబంధించిన అసలు ప్రశ్న ఎదురవుతుంది. వంగిన ఎముకను సరిచేయటం ఎముకల వైద్యుడి విద్య. అది గొప్ప విద్య, సందేహం లేదు. కాని ఆ ఎముకను వంచింది బోరుబావి. బోరుబావి లోతుకు పోవటానికి కారణం ఎండిపోయిన చెరువు. చెరువు ఎండటానికి కారణం నీటి పంపకంలోని రాజకీయం. ఈ గొలుసులో ఏ లంకె దగ్గర వైద్యుడి బాధ్యత ఆగిపోతుంది? 1848లో జర్మనీలో యువవైద్యుడు రుడాల్ఫ్ విర్హో టైఫస్ సోకిన సైలీషియా ప్రాంతానికి వెళ్లివచ్చి, అక్కడి ప్రజలకు కావలసిన మందులలో విద్యనూ, స్వేచ్ఛనూ, ఆర్థికాభివృద్ధినీ చేర్చి నివేదిక వ్రాశాడు. వైద్యశాస్త్రం సామాజికశాస్త్రమేనన్నది ఆయన నిశ్చయం. నల్లగొండ రోగిని చూసిన ఏ పంజగుట్ట వైద్యుడికైనా ఆ నిశ్చయానికి రావటానికి జర్మనీ వెళ్లనక్కరలేదు.

1980లలో పంజగుట్ట ఆసుపత్రి స్వరూపం మారింది. ఎన్.టి.రామారావు ప్రభుత్వం వైద్యవిద్యను కొత్తగా మలచటానికి పూనుకుంది. 1986లో విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం వచ్చింది. అంతదాకా సాధారణ విశ్వవిద్యాలయాల నీడన ఉన్న వైద్య కళాశాలలు ఒక ప్రత్యేక విశ్వవిద్యాలయం క్రిందికి చేరాయి. పంజగుట్టలో ఎముకల ఆసుపత్రి స్థానంలో పలు ప్రత్యేక శాఖలుగల ఉన్నత వైద్యసంస్థను నిర్మించటానికి అమెరికాలో ఆచార్యుడుగా ఉన్న రేడియాలజీ నిపుణుడు కాకర్ల సుబ్బారావును పిలిపించారు. కృష్ణాజిల్లా పల్లెలో పుట్టి, విశాఖలో చదివి, విదేశంలో స్థిరపడిన ఆ వైద్యుడు స్వదేశానికి వచ్చి సంస్థను తీర్చిదిద్దాడు. 1989 చట్టంతో దానికి స్వయంప్రతిపత్తీ, పట్టాలిచ్చే అధికారమూ లభించాయి. సుబ్బారావు 2021లో కన్నుమూసేవరకు ఆ సంస్థతో ఆయన పేరు ముడిపడే ఉంది.

ఈ మార్పులోని ప్రగతిని మనం తక్కువ చేయకూడదు. మెదడుకో, గుండెకో, మూత్రపిండానికో కష్టమైన జబ్బు వస్తే వేలూరుకో, బొంబాయికో పరుగెత్తవలసిన అవస్థ ఉండేది. ప్రభుత్వరంగంలో ఆ వైద్యం మన నగరంలోనే, మన పిల్లలే నేర్చి చేసే స్థితి వచ్చింది. అది సామాన్య విషయం కాదు. కాని అదే దశాబ్దంలో, 1988లో, జూబ్లీహిల్స్‌లో అపోలో ఆసుపత్రి వెలసింది. కార్పొరేటు వైద్యం హైదరాబాదులో అప్పటినుంచీ పాతుకుపోయింది. పంజగుట్ట సంస్థ రెండు లోకాల నడుమ నిలబడింది. ఒకవైపు పూర్తిగా ఉచితమైన ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులు. ఇంకొకవైపు ధనికులకే అందే కార్పొరేటు ఆసుపత్రులు. నడుమ స్వయంప్రతిపత్తి గల సంస్థ, కార్పొరేటు కంటె చౌక, కాని ఉచితం కాదు.

స్వయంప్రతిపత్తి అన్న మాటకు రెండు ముఖాలున్నాయి. సెక్రటేరియట్ గుమాస్తా అనుమతి కోసం ఎదురుచూడకుండా పరికరం కొనుక్కోగలగటం, మంచి అధ్యాపకుణ్ణి నియమించుకోగలగటం ఒక ముఖం. నీ ఖర్చు నువ్వే సంపాదించుకో అనటం రెండవ ముఖం. మొదటి ముఖాన్ని అధ్యాపకులు ఆశించారు. రెండవదాన్ని ప్రభుత్వాలు ఇష్టపడతాయి. ఖర్చు రోగి నుంచే రాబట్టవలసి వచ్చినప్పుడు ‘కరుణ’ అన్న విలువ ఖాతాపుస్తకంలో ‘రాయితీ’ అనే పద్దుగా మారిపోతుంది. 2007లో మూడు జిల్లాలతో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు పేదవాడి తరఫున ప్రభుత్వమే చెల్లించే ఏర్పాటు వచ్చింది. దానివల్ల ప్రాణాలు నిలిచిన కుటుంబాలు లెక్కలేనన్ని. ఐతే ఆ ధనంలో పెద్దభాగం ప్రైవేటు ఆసుపత్రుల వైపు ప్రవహించిందనీ, ఊళ్లలోని ఆరోగ్య కేంద్రం అట్లాగే బీదగా ఉండిపోయిందనీ ప్రజారోగ్యవాదులు చేసిన విమర్శ కూడా సత్యమే. పెద్ద జబ్బుకు చీటీ దొరికింది, చిన్న జబ్బు పెద్దది కాకుండా ఆపే మనిషి దొరకలేదు.

ఆ మనిషి ఎవరు? చాలాసార్లు డాక్టరు కాదు. నర్సు, ఫిజియోథెరపిస్టు, ప్రయోగశాల టెక్నీషియను, ఆరోగ్య కార్యకర్త. ఎముకల ఆసుపత్రి చరిత్రే దీనికి రుజువు. విరిగిన తుంటికి శస్త్రచికిత్స కొన్ని గంటల పని. మనిషిని మళ్లీ నడిపించటం నెలల పని. ఆ నెలలలో ప్రతిరోజూ కాలు పట్టుకుని వంచేవాడూ, పుండు పడకుండా పక్కకు తిప్పే మనిషీ లేకపోతే ఆపరేషను చేసిన చేతి నైపుణ్యం వ్యర్థం. అయినా మన వైద్యవిద్యలో గౌరవం కత్తికి పోయినంతగా చేతికి పోలేదు. నర్సు వృత్తి పట్ల మన సమాజానికున్న చిన్నచూపు వెనుక కులం ఉంది, స్త్రీ పట్ల చూపు ఉంది. రోగి మలమూత్రాలు ముట్టుకోవటం మైల అనుకున్న సమాజంలో, ఆ పనికి ముందుకు వచ్చినవారిలో మిషనరీ ఆసుపత్రులలో శిక్షణ పొందిన దళిత క్రైస్తవ స్త్రీలు ఎందరో ఉన్నారు. గుంటూరులో అన్నా కుగ్లర్ నెలకొల్పిన ఆసుపత్రి వంటివి వారికి చదువూ, జీతమూ, తెల్లచీర గౌరవమూ ఇచ్చాయి. 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. ఫిజియోథెరపిస్టులూ, టెక్నీషియన్లూ మొదలైనవారి వృత్తులను ఒకే జాతీయ చట్టం క్రిందికి తేవటానికి 2021 దాకా ఆగవలసివచ్చింది. 2020 మహమ్మారి రోజుల్లో చప్పట్లు అందుకున్నవారు ఎవరో, తాత్కాలిక నియామకాల మీద జీతం కోసం ఎదురుచూసినవారు ఎవరో జ్ఞాపకం చేసుకుంటే, ఆరోగ్యరంగంలోని వర్గభేదం వేరే వివరించనక్కరలేదు.

భాష సంగతి తెలుగు అధ్యాపక వృత్తిలో ఉండి నేను విడిచిపెట్టలేను. కొంతకాలం క్రితం మా బంధువుల పెద్దావిడను నగరంలోని ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాను. యువవైద్యుడు నొప్పి పదింటిలో ఎంత అని అడిగాడు. ఆవిడకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. “రాత్రిపూట సలుపు బాబూ, పొద్దున లేచేసరికి గుంజుతది, మెట్టెక్కితే జివ్వుమంటది” అంది. ఆయన కాగితం మీద నొప్పి అని మాత్రం ఇంగ్లీషులో వ్రాసుకున్నాడు. పక్కనున్న నర్సు పిల్ల, పలుకును బట్టి పాలమూరు వైపు అమ్మాయి, ఆ మూడు మాటలనూ మూడు వేరు వేరు లక్షణాలుగా విడదీసి ఆయనకు చెప్పింది. అప్పుడాయన ప్రశ్నలు మార్చాడు. సలుపు, పోటు, పీకు, గుంజు, మంట, తిమ్మిరి, జివ్వు – ఇవి మన ప్రజలు శతాబ్దాల తరబడి తమ శరీరాలను చదువుకుని కూర్చుకున్న శాస్త్రం. వీటిని తెలియనివాడు రోగనిర్ణయానికి అవసరమైన ఒక పరికరాన్ని ఇంటి దగ్గర మరచి వచ్చినట్టే. ఆ నర్సు అమ్మాయికి ఆ పరికరం ఉంది. ఆమె చదువులో దానికి మార్కులు లేవు.

వేరే విధమైన విద్యకు మన చరిత్రలో ఉదాహరణ లేదా అంటే, ఉంది. నెల్లూరులో పుచ్చలపల్లి సుందరయ్య సోదరుడు డాక్టర్ రామచంద్రారెడ్డి ప్రజా వైద్యశాలను నడిపాడు. అక్కడ వైద్యం తక్కువ ఖర్చుతో దొరికేది. అంతకుమించి, పల్లెల నుంచి వచ్చిన యువకులకు అక్కడ ప్రాథమిక వైద్యంలో శిక్షణ ఇచ్చి తిరిగి పల్లెలకే పంపేవారు. పెద్ద డాక్టరు పల్లెకు రానప్పుడు పల్లె పిల్లవాడికే జ్ఞానం అందించాలనే ఆ ఆలోచన సులభమైనదిగా కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న విలువ సులభమైనది కాదు. వైద్యజ్ఞానం పట్టభద్రుల ఆస్తి కాదు, ఉమ్మడి సొత్తు అన్నది ఆ విలువ. అర్హత లేని వైద్యంవల్ల జరిగే హానిని నేను కాదనను. సరైన శిక్షణా, పర్యవేక్షణా లేకుండా ఆ దారి ప్రమాదకరమే. నెల్లూరు గుర్తించిన అవసరాన్ని విశ్వవిద్యాలయాలు గుర్తించి, ఆ శిక్షణను శాస్త్రబద్ధం చేసివుంటే ఆ ప్రమాదమే ఉండేది కాదు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. “అత్యున్నత వైద్యానికి ఏర్పడిన సంస్థను చెరువు గురించీ, తాటిచెట్టు గురించీ అడగటం ఏమిటి? ప్రాథమిక వైద్యం ప్రాథమిక కేంద్రాల పని. పంజగుట్ట పని మెదడులోని గడ్డ తీయటం” అని. ఈ వాదంలో బలం ఉంది. పని విభజన లేకుండా ఏ వ్యవస్థా నడవదు. గడ్డ తీసే చేతులు అరుదు, వాటిని జలుబు మాత్రలు ఇవ్వటానికి వాడుకోరాదు. అయితే విద్యాలయానికి ఆసుపత్రి కంటె అదనంగా ఒక బాధ్యత ఉంది. ఆసుపత్రి వచ్చిన రోగిని చూస్తుంది. విద్యాలయం రేపటి వైద్యుణ్ణి తయారుచేస్తుంది. తన దగ్గరకు వచ్చే రోగులందరి చరిత్రా ఒకచోట చేరే స్థలం విద్యాలయమే. ఒకే మండలం నుంచి పదిమంది వంగిన వెన్నులతో వస్తే, ఆ పదింటినీ కలిపి చదివి, ఆ మండలంలో నీళ్లు బాగాలేవని అధికారంతో చెప్పగలిగేది అదే. ప్రాథమిక కేంద్రానికి ఆ చూపు లేదు, ఆ గొంతూ లేదు. కనుక ఎత్తైన సంస్థకే క్రిందికి చూడవలసిన పని ఎక్కువ.

2023లో ఎర్రమంజిల్ వైపు రెండువేల పడకల కొత్త భవన సముదాయానికి శంకుస్థాపన జరిగింది. పడకలు పెరగటం సంతోషించదగినదే. పడకల సంఖ్యతోపాటు మనం అడగవలసిన ప్రశ్నల సంఖ్య కూడా పెరగాలి. వైద్య విద్యాలయానికి విలువలున్నాయో లేదో తేల్చటానికి నాలుగు సాదా పరీక్షలు చాలునని నా అభిప్రాయం. మొదటిది: అక్కడ చదివే ప్రతి విద్యార్థీ రోగి తెలుగును అర్థం చేసుకున్నాడా అని పరీక్షించి మార్కులు వేస్తున్నారా? రెండవది: రోగి విషయమై నిర్ణయం తీసుకునే చోట నర్సుకూ, ఫిజియోథెరపిస్టుకూ మాట చెల్లుతున్నదా, లేక వారు ఆజ్ఞలు మోసేవారేనా? మూడవది: రోగి వివరాలు వ్రాసే కాగితంలో అతడు తాగే నీరు ఏది, చేసే పని ఏది, రోజుకూలి ఎంత అనే గళ్లు ఉన్నాయా? నాలుగవది: డబ్బు లేక చికిత్స అందుకోలేక వెనుదిరిగిన వారెందరో ఆ సంస్థ ఏటేటా లెక్కకట్టి ప్రజలకు చెబుతున్నదా? ఈ నాలుగింటికీ పెద్ద నిధులు అక్కరలేదు. అక్కరలేకపోయినా ఇవి జరగటం కష్టం, ఎందుకంటే ఇవి ఎవరిని లెక్కలోకి తీసుకోవాలనే ప్రశ్నను లేవదీస్తాయి.

భోర్ సంఘం నివేదికకు ఎనభై ఏళ్లు కావచ్చింది. డబ్బు లేనందువల్ల ఎవరికీ వైద్యం నిరాకరింపబడరాదన్న మాట ఇంకా బాకీగానే ఉంది. ఆ బాకీని కళాశాల వివరణ పత్రిక తీర్చలేదు. వైద్య విద్యార్థులూ, నర్సింగు విద్యార్థినులూ, టెక్నీషియన్లూ తమ చదువు వెనుక ఉన్న ఈ చరిత్రను తెలుసుకుని ఒకే సంఘంగా నిలబడితే తీరే అవకాశం ఉంది. మనబోటి సాహిత్యాధ్యాపకులు చేయగలిగింది చిన్నది. ‘సేవ’ అన్న మాట ఎక్కడ విన్నా, ఎవరికి, ఎవరి ఖర్చుతో, ఏ భాషలో అని అడగటం మన తరగతి గదులలో పిల్లలకు అలవాటు చేయటం. ఆ అలవాటు పడిన పిల్లలలో కొందరైనా రేపు తెల్లకోటు వేసుకుంటారు.